ఒకే తాళంచెవి

ఇంటికీ, బీరువాకీ, బండికీ ఒకటే తాళంచెవి పెట్టుకుంటామా? పెట్టుకోం. మరి మెయిల్‌కీ, బ్యాంకుకీ, ఫొటోలకీ ఒకటే పాస్‌వర్డ్ ఎందుకు?

ఏదో చిన్న షాపింగ్ సైటులో అది దొంగల చేతికి చిక్కుతుంది. ఆ తర్వాత వాళ్లు కూర్చుని బుర్ర బద్దలు కొట్టుకోరు. అదే పాస్‌వర్డును మిగతా చోట్లన్నిటా ఒక ప్రోగ్రామే వేసి చూస్తుంది. సొంతంగా కోడింగ్ నేర్చుకునే కుర్రాళ్లనడగండి, అలాంటిది రాయడానికి పెద్ద చదువేం అక్కర్లేదంటారు.

ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డ్. గుర్తుండవంటారా? నిజమే, ఎవరికుంటాయి! అందుకే కీపాస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. అన్నిటినీ అవి దాస్తాయి. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఆ సాఫ్ట్‌వేరును తెరిచే పాస్‌వర్డ్ ఒక్కటే. అది పొడవుగా ఉండాలి. పిల్లల పేర్లు, పుట్టినరోజులు వద్దు.

ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డ్. ఈరోజు ముందుగా మెయిల్‌ది మార్చండి. మిగతా వాటిని మార్చే లింకులు వచ్చేది అక్కడికే.