జామీను దొరకని బందీలు



యూసుఫ్ సూరాను మన ఇళ్లలో ఎంతో ఇష్టంగా చదువుకుంటాము. అన్నలు బావిలో పడవేయడం, ఈజిప్టు అధికారి భార్య నింద మోపడం అందరికీ గుర్తుంటాయి. మధ్యలో వచ్చే ఒక చిన్న ఆయత్‌ను మాత్రం ఆగి చూడకుండా దాటిపోతాము. చెరసాలలో ఉన్న హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం), విడుదల కానున్న తోటి ఖైదీతో నీ యజమాని దగ్గర నా సంగతి ప్రస్తావించమని చెప్పారు. బయటికి వెళ్లినవాడు మరచిపోయాడు. షైతాన్ మరపించాడు. ఏ నేరమూ చేయని ఒక దైవప్రవక్త అందువల్ల మరికొన్ని సంవత్సరాలు చెరలోనే ఉండిపోయారు (12:42).

మన దేశంలో 2022 డిసెంబరు 31 నాటికి జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఆ జైళ్లలో పట్టేది 4,36,266 మందే. ఉన్నవారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా నేరం ఇంకా రుజువు కానివారు. జనాభాలో మన వాటాకంటే జైళ్లలో మన వాటా ఎక్కువన్నది కూడా ప్రభుత్వ లెక్కలే చెబుతాయి.

వీరిలో కొందరి పరిస్థితి మరీ విచిత్రం. కోర్టు బెయిలు ఇచ్చింది. కాగితం మీద వారు స్వేచ్ఛాజీవులు. కానీ ఇద్దరు జామీనుదారులు కావాలి, వారి పేర ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో ఉండాలి. రోజు కూలికి పోయేవాడికి అలాంటి బంధువులెక్కడ? ఉన్నా 'మనకెందుకీ కోర్టు గొడవ' అని తప్పుకుంటారు. అతను లోపలే ఉంటాడు. ఇంట్లో అద్దె బాకీ పెరుగుతుంది, పిల్లల బడి ఆగిపోతుంది, ములాఖత్‌కు వెళ్లడానికి బస్సు చార్జీల కోసం ఆ తల్లి అప్పు చేస్తుంది. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. అతనికి 10,000 రూపాయల పూచీ అడిగిన మేజిస్ట్రేటు, జామీను ఇవ్వబోయిన సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించాడు. అది సరికాదని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఇచ్చారు. మరుసటి సంవత్సరమే హుస్సైనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ల సంగతి బయటపడింది. నేరం రుజువైతే పడే శిక్షకంటే ఎక్కువ కాలం విచారణ పేరుతోనే లోపల గడిపినవారు అక్కడ ఉన్నారు.

ఇది ఈనాటి జబ్బు కాదు. పన్నెండు వందల ఏళ్ల క్రితం ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహ్) ఖలీఫా హారూన్ రషీద్ కోసం 'కితాబుల్ ఖరాజ్' రాశారు. ఖైదీల కేసులను అధికారులు ప్రతిరోజూ పరిశీలించాలని, ఆధారం లేనివారిని వదిలిపెట్టాలని అందులో సలహా ఇచ్చారు. చెరసాలలు నిండిపోవడానికి ఖైదీల సంగతి పట్టించుకునేవారు లేకపోవడమే కారణమని సూటిగా చెప్పారు. గొలుసులతో బిచ్చమెత్తుకునేలా వారిని బయటికి పంపడాన్ని తప్పుబట్టారు.

ఇస్లాంలో చెరసాలే లేదని నేననడం లేదు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో మక్కాలో ఒక ఇంటిని కొని చెరసాలగా వాడారు. ప్రమాదకరమైన మనిషి నుండి సమాజాన్ని కాపాడాల్సిందే, బాధితుడికి న్యాయం జరగాల్సిందే. అయితే బంధించడమొక్కటే మార్గమని దైవప్రవక్త (స) ఎన్నడూ భావించలేదు. బద్ర్ యుద్ధ ఖైదీలలో కొందరు పరిహారం చెల్లించి వెళ్లారు. చెల్లించలేని కొందరిని ఊరికే వదిలారు. చదువు వచ్చినవారికి అన్సారుల పిల్లలకు రాయడం, చదవడం నేర్పే పని అప్పగించారు. అదే వారి విడుదల మూల్యం. యమామా నాయకుడు సుమామా బిన్ ఉసాల్‌ను మస్జిదె నబవీ స్తంభానికి కట్టి ఉంచారు. మూడు రోజులూ ఆయన (స) స్వయంగా వచ్చి మాట్లాడి, మూడో రోజున విప్పేయమన్నారు. ఏ షరతూ పెట్టలేదు. సుమామా వెళ్లి స్నానం చేసి, తిరిగి వచ్చి కలిమా చదివారు.

శిక్షగా పని చేయించడాన్ని ఇప్పుడు మన చట్టమూ అంగీకరించింది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 5,000 రూపాయలలోపు దొంగతనం మొదటిసారి చేసి, సొమ్ము తిరిగిచ్చినవాడికి జైలు బదులు సమాజ సేవ విధించవచ్చు. అదే రోజు వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగానే గడిపితే బాండు మీద విడుదలకు అర్హుడు. ఉరి, యావజ్జీవ శిక్షలు పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. ఇలాంటివారి కోసం కోర్టుకు దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. కానీ బయట అడిగేవారు ఉంటే ఫైలు త్వరగా కదులుతుంది, లేకుంటే హజ్రత్ యూసుఫ్ (అ) సంగతి మరచిన మనిషే మళ్లీ గుర్తుకు వస్తాడు.

ఇక మన వంతు. కోర్టులో నిందితుణ్ణి హాజరుపరుస్తానని ఒకరు పూచీ ఇవ్వడం మనకు కొత్త కాదు. ఫిఖ్హ్ గ్రంథాలలో 'కఫాలా' పేరుతో దీనికి ప్రత్యేక అధ్యాయాలే ఉన్నాయి. ఒక మయ్యిత్ మీద అప్పు ఉందని తెలిసి దైవప్రవక్త (స) జనాజా నమాజుకు ముందుకు రాకపోతే, ఆ అప్పు నాది అని అబూ ఖతాదా (రజి) పూచీ పడ్డారు. అప్పుడే ఆయన (స) నమాజు చేయించారు. చనిపోయినవాడి కోసం అంత ధైర్యం చేసినవారి వారసులం, బతికి ఉన్న పొరుగువాడి కోసం సంతకం చేయడానికి వెనకాడుతున్నాము! అతను పారిపోతే బాండు సొమ్ము మనం కట్టాల్సి వస్తుంది, నిజమే. కనుక మనిషిని, కేసును, కుటుంబాన్ని విచారించుకొనే ముందుకు రావాలి. ఒక్కరికి భారమైతే మస్జిద్ కమిటీలో నలుగురు నమ్మకస్తులు కలిసి చేయవచ్చు. నగదు పూచీ అడిగితే ఖర్జె హసనాగా ఇవ్వవచ్చు. కేసు ముగిశాక అది తిరిగి వచ్చే సొమ్మే. ఒక వలీమాలో విస్తళ్లలో మిగిలిపోయే బిర్యానీ ఖర్చు చాలు కొందరి తాళం తీయడానికి. జకాత్ వాడే విషయం మాత్రం మీ ప్రాంత ఉలమాను అడిగి తెలుసుకోండి.

ఆ ఖైదీ ముస్లిమేనా అని కూడా చూడనక్కరలేదు. బందీకి అన్నం పెట్టేవారిని ఇన్సాన్ సూరా మెచ్చుకున్నప్పుడు (76:8) ముస్లింల చేతిలో ఉన్న బందీలు బహుదైవారాధకులేనని వ్యాఖ్యాతలు రాశారు.

మీ వీధిలో అలాంటి ఇల్లు ఉంటే ముందు ఆ తల్లినో భార్యనో కలవండి. కేసు నంబరు, బెయిలు ఉత్తర్వు నకలు తీసుకొని జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. జైల్లో ఉన్నవారికి 1987 చట్టం కింద వకీలు ఉచితం. పేద విచారణ ఖైదీకి జామీను సొమ్ము విషయంలో సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది, దాని గురించీ అక్కడే అడగండి. జామీనుదారుగా వెళ్లే రోజున ఆధార్, ఇంటి పన్ను రసీదు, ఫోటోలు వెంట ఉంచుకోండి.