క్షమ ఎవరి బాధ్యత?

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పుట్టిన పిల్లలకి అక్షరాలు రాకముందే పరలోక ప్రార్థన నోటికొస్తుంది. మత్తయి సువార్తలో ఉన్న ఆ ప్రార్థనలో క్షమాపణ గురించి చెప్పేచోట మన తెలుగు బైబిలు ‘ఋణం’ అనే మాట వాడింది. ఆ మాట గురించి మనం పెద్దగా ఆలోచించం. ఋణం అన్నాక ఇచ్చినవాళ్లు ఒకవైపు, తీర్చాల్సినవాళ్లు ఇంకోవైపు ఉంటారు. ఎంత అన్న లెక్క ఉంటుంది. దాన్ని రద్దు చేసే హక్కు ఇచ్చినవాళ్లదే. మూడో మనిషి మధ్యలో వచ్చి రద్దు చెయ్యమని ఒత్తిడి తెస్తే దాన్ని క్షమ అనం, పంచాయితీ అంటాం. మన సంఘాల్లో స్త్రీలకు బోధించే క్షమ ఎక్కువసార్లు ఈ పంచాయితీలాగే ఎందుకుంటోందన్నది నా ప్రశ్న.

స్త్రీల కూడికల్లో ప్రార్థన మనవులు వింటూ పెరిగినదాన్ని. అక్కడ ఎవరూ ‘నా భర్త నన్ను కొట్టాడు’ అని చెప్పరు. ‘ఇంట్లో సమాధానం లేదు, ప్రార్థన చెయ్యండి’ అంటారు. ఆ మాటకి అసలు అర్థమేమిటో అక్కడ కూర్చున్న ప్రతి స్త్రీకీ తెలుసు. జవాబుగా వచ్చేది కూడా అందరికీ తెలుసు. సహించమ్మా, క్షమించమ్మా, ఏడుసార్లు కాదు, డెబ్బై ఏళ్లసార్లు క్షమించమన్నాడు కదా ప్రభువు. భార్య ఓర్పులో భూదేవిలా ఉండాలని నీతిశ్లోకాలు చెప్పిన నేల మనది. ఆ నేలలో ఈ వాక్యం ఇట్టే వేళ్లూనుకుంది. మతం మారినా స్త్రీ మీద పెట్టిన బరువు మారలేదు.

అయితే ఆ వాక్యం ఎక్కడుందో తెరిచి చూద్దాం. అది మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో పేతురు అడిగిన ప్రశ్నకు జవాబు. దానికి సరిగ్గా ముందు ఇంకో బోధ ఉంది. నీకు అన్యాయం చేసినవాడి దగ్గరికి వెళ్లి తప్పును తప్పని చెప్పు. వినకపోతే ఒకరిద్దరు సాక్షుల్ని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. సంఘం మాటా వినకపోతే అతన్ని బయటివాడిగా చూడు. అంటే తప్పును బయటపెట్టడం, సాక్షుల్ని నిలబెట్టడం, సంఘం బాధితుల పక్షాన నిలవడం, ఇవన్నీ అయ్యాకే డెబ్బై ఏళ్ల లెక్క వస్తుంది. మన ప్రసంగాల్లో మాత్రం ఈ మెట్లన్నీ ఎగిరిపోయి చివరి మాట ఒక్కటే మిగులుతుంది. ఇంటి గుట్టు సంఘంలో పెట్టిందని ఆ స్త్రీనే తప్పుపట్టే పెద్దలు, సంఘానికి చెప్పమన్నది ఎవరో మర్చిపోతారు.

పేతురుకి జవాబుగా చెప్పిన ఉపమానం చూడండి. క్షమించినవాడు రాజు. మాఫీ అయిన అప్పు పదివేల తలాంతులు, ఒక మనిషి జన్మంతా పనిచేసినా తీరనిది. అంత మాఫీ పొందిన దాసుడు బయటికొచ్చి నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. దేనారం అప్పట్లో ఒక రోజు కూలి. ఈ కథలో కనికరం పైనుంచి కిందికి రావాలి. చెయ్యి గొంతు మీద ఉన్నవాడికి చెప్పిన కథ ఇది. దాన్ని తీసుకొచ్చి గొంతు నలుగుతున్న మనిషికి వినిపిస్తున్నాం.

చట్టం కూడా చాలాకాలం ఈ పనే చేసింది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్త విడాకులు కావాలంటే భార్య వ్యభిచారం ఒక్కటి నిరూపిస్తే చాలు. భార్యకి అది చాలదు. వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్లకు తగ్గకుండా వదిలెయ్యడమో కూడా ఆమె నిరూపించాలి. ఎంత కొట్టినా క్రూరత్వం ఒక్కటే విడాకులకు కారణం కాలేదు. 1995లో కేరళ హైకోర్టు దీన్ని తప్పుపట్టింది. 2001లో పార్లమెంటు సవరించింది. నూట ముప్ఫై రెండేళ్లపాటు క్రైస్తవ స్త్రీలు చూపించిన ఓర్పులో విశ్వాసం ఎంతో, వేరే దారి లేకపోవడం ఎంతో ఎవరు తేల్చగలరు? వేరే దారి లేనిచోట క్షమించిందని చెప్పడానికి అర్థం లేదు.

అలాగని క్షమను బలహీనుల మతం అని తోసెయ్యడానికి నాకు మనసొప్పదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌నూ, ఇద్దరు కొడుకులనూ వాహనంలోనే సజీవదహనం చేశారు. హంతకుల్ని క్షమించానని గ్లాడిస్ స్టెయిన్స్ చెప్పింది. బారిపదలో కుష్ఠురోగుల సేవను కొనసాగించింది. అయితే క్షమనూ, నేరానికి చట్టప్రకారం రావాల్సిన ఫలితాన్నీ కలపొద్దని కూడా ఆమె చెప్పింది. 1995లో మధ్యప్రదేశ్‌లో, పేదల పక్షాన పనిచేస్తున్న సిస్టర్ రాణీ మరియాను సమందర్ సింగ్ బస్సులో పొడిచి చంపాడు. ఆమె చెల్లెలు, తనూ సన్యాసినే అయిన సెల్మీ పాల్, 2002లో జైలుకి వెళ్లి పశ్చాత్తాపపడుతున్న అతనికి రాఖీ కట్టింది. 2006లో అతను విడుదలయ్యాడు.

ఈ ఇద్దరు స్త్రీల క్షమలో కొన్ని సంగతులు గమనించాలి. హత్యను హత్య అనే పిలిచారు. నేరస్తులు చట్టానికి జవాబు చెబుతున్నారు. క్షమించిన మర్నాడు అదే చెయ్యి మళ్లీ లేచే వీలు లేదు. దెబ్బలు తింటున్న భార్యకి ఇందులో ఏ ఒక్కటీ లేదు. ఆమె ఉదయం క్షమిస్తే రాత్రికి మళ్లీ క్షమించాల్సిన పని పడుతుంది. అటువంటి క్షమ అతన్ని మార్చదు, ఆమెను విడిపించదు.

ఇక కనికరం సంగతి. 1985 జులైలో కారంచేడులో, తాగే నీళ్లు మురికి చెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవలో, తన మీదికి వచ్చినవాళ్లకు బిందె ఎత్తి ఎదురునిలిచింది మున్నంగి సువార్త. ఆమె పేరుకి అర్థం ఏ క్రైస్తవులకీ విప్పి చెప్పక్కర్లేదు. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. స్త్రీలపై అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల వెళ్లి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 దాకా పట్టింది. సువార్త బిందె ఎత్తడం క్షమ లేకపోవడమా? చెంప చూపించమన్న బోధ ఆమెకు వర్తిస్తుందని చెప్పే ధైర్యం నాకు లేదు. నాకు తెలిసి ఆ రోజుల్లో కనికరం అంటే ఆ చర్చి ఆవరణే. ముందు నీడ ఇచ్చింది, నిలబడటానికి చోటిచ్చింది. కనికరం మొదట గాయపడ్డవాళ్లకి అందాలి. మన సంఘాల్లో అది గాయపరిచినవాడి పరువు దగ్గరే ఖర్చయిపోతోంది.

పశ్చాత్తాపానికి కూడా సువార్తలోనే ఒక కొలత ఉంది. పన్నులు వసూలుచేసే జక్కయ్య ఏడ్చి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ మాట అన్నాకే యేసు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. ఆదివారం బల్ల దగ్గర మోకరించి సోమవారం చెయ్యెత్తేవాడిని ఈ కొలతతో ఏ పాస్టరుగారైనా కొలిచారా? అతన్ని కొన్నాళ్లు బల్లకు దూరంగా ఉంచితే సంఘం కూలిపోతుందా?

క్షమించడం స్త్రీ ఇష్టం. ఆమె ఎప్పటికైనా క్షమించవచ్చు, క్షమించకపోనూవచ్చు. ఆ నిర్ణయానికి ఆమెకి వ్యవధి కావాలి, భద్రమైన చోటు కావాలి, చేతిలో నాలుగు డబ్బులుండాలి. అవి సమకూర్చడం సంఘం బాధ్యత. ‘ఇంట్లో సమాధానం లేదు’ అని ఒక స్త్రీ లేచి చెప్పినప్పుడు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టే ముందు, ఏం జరిగిందమ్మా అని అడగటంతో ఆ బాధ్యత మొదలవుతుంది.