సున్నా దగ్గర నుంచి

మొన్న తెనాలి స్టేషన్‌లో వంతెన మెట్లెక్కి, ఆయాసపడుతూ రేపల్లె రైలు అందుకున్నాను. కిటికీలోంచి కనుచూపు మేర వరి చేలే. చేను గట్టు తప్ప ఎత్తన్నది లేదు. అటు బాపట్ల దాటి సూర్యలంక చేరితే ఇక సముద్రమే. ఎవరెస్టు 8,849 మీటర్లని లెక్కగట్టేది సముద్ర మట్టం నుంచే. అంటే మనం సున్నా దగ్గరున్నామన్నమాట!

2014 మే 25న ఆ శిఖరమెక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. తోడు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్. ముందు భువనగిరి బండ మీద తాడు పట్టడం నేర్చారు, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాతే టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు. ఆ వరుస నాకు నచ్చింది.

ఆ వరుస పట్టించుకోకుండా, డబ్బు కట్టాం, గైడున్నాడు కదా అని ఎవరెస్టుకు బయల్దేరేవాళ్లున్నారు. తాడు షెర్పా కడతాడు, సరే. ఊపిరి ఎవరు పీలుస్తారు? శిఖరం మీద అందే ప్రాణవాయువు ఇక్కడి దాంట్లో మూడో వంతే. ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలనూ 2006లో 172 రోజుల్లో ఎక్కేసిన మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు అంతటివాడే 2015లో ఆండీస్‌లో ప్రాణం పోగొట్టుకున్నాడు.

వెళ్లాలనుంటే ముందు గుండె, ఊపిరితిత్తులు డాక్టరుకు చూపించుకోండి. తర్వాత భువనగిరికి టికెట్టు తీసుకుందురుగాని.