ఆహార సంజ్ఞ: కోరిన ఆకలి, మోపిన ఆకలి

సంసారి జీవుని వెన్నంటి తిరుగు సంజ్ఞలు నాలుగని జినాగమములు చెప్పుచున్నవి: ఆహారము, భయము, మైథునము, పరిగ్రహము. వీనిలో మొదటిది ఆహారమే. ఇరువదిరెండు పరీషహములలోను మొదటి స్థానము క్షుధదే. ధనమును విడిచినవాడును, ఇల్లు విడిచినవాడును ఆకలిని మాత్రము వెనుక విడిచి పోజాలడు.

ఈ ఆహార సంజ్ఞ ఏల కలుగును? స్థానాంగ సూత్రము దీనికి నాలుగు కారణములు చెప్పినది. కడుపు ఖాళీ యగుట మొదటిది. క్షుధావేదనీయ కర్మము ఉదయించుట రెండవది. ఆహారమును గూర్చి వినుటచేతను, దానిని చూచుటచేతను బుద్ధి దానిపైకి పోవుట మూడవది. ఎడతెగక దానినే తలచుచుండుట నాలుగవది. కన్నును, చెవియు, మనస్సును గూడ ఆకలిని పుట్టించునని దీని భావము.

నేటి శరీరశాస్త్రము ఈ సంగతినే తన భాషలో చెప్పుచున్నది. కడుపు ఖాళీగా నున్నప్పుడు అందుండి గ్రెలిన్ అను పదార్థము పుట్టి, రక్తముతో గలిసి మెదడును చేరును. జపాను శాస్త్రజ్ఞులు దీనిని 1999లో ప్రకటించిరి. శరీరమందలి కొవ్వునుండి పుట్టు లెప్టిన్ అను మరియొక పదార్థము 1994లో తెలియవచ్చినది. ఉపవాసములో ఇది తగ్గును. దుకాణములో సరుకు తరిగినదని గుమాస్తా యజమానికి కబురంపినట్లు, ఈ రెండును మెదడు అడుగుననున్న హైపోథాలమస్ అను చిన్న భాగమునకు వార్త నందించును.

ఆ వార్త అందిన పిమ్మట మెదడు ఆహారమునకు వెల పెంచివేయును. ఆకలిగొన్నవారికి భోజన పదార్థముల బొమ్మలు చూపి పరీక్షించినప్పుడు, కోరికకును సంతోషమునకును సంబంధించిన మెదడు భాగములు కడుపు నిండినప్పటికంటె హెచ్చుగా స్పందించినవి. తీపి, కొవ్వు గల పదార్థములయెడ ఈ స్పందన మరింత హెచ్చు. లడ్డు నిన్నటి లడ్డే. చూచువాని స్థితి మారినది. వర్తకులకు ఇది క్రొత్త సంగతి కాదు. కరవునాడు ధాన్యమునకు ధర పెరుగును గాని గింజలో సారము పెరుగదు.

ఆకలి మనస్సు నెంతవరకు పట్టునో తెలుపు ఉదాహరణ మొకటి గలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆయుధము పట్టుటకు మనస్సాక్షి ఒప్పక నిరాకరించిన 36 మంది అమెరికా యువకులు, 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు జరిపిన పరీక్షకు తమంత తాము ముందుకు వచ్చిరి. యుద్ధములో ఆకలిగొన్న ప్రజలను తిరిగి ఎట్లు పోషింపవలెనో తెలిసికొనుట దాని ఉద్దేశము. వారికి 24 వారములపాటు ఇంచుమించు సగము ఆహారమే ఇచ్చిరి. క్రమముగా వారికి చదువునందును, స్నేహమునందును ఆసక్తి పోయినది. మాటలన్నియు తిండిని గూర్చియే. కలలును తిండిని గూర్చియే. కొందరు వంటల పుస్తకములు ప్రోగుచేసికొని చదువసాగిరి. ఒక మెతుకైనను పోనీయక పళ్లెములు నాకిరి. హింస చేయమని నిలిచిన దృఢచిత్తుల గతియే ఇట్లయినది!

కాబట్టి కడుపు మాడ్చుకొన్నంత మాత్రమున తపస్సు కాజాలదు. ఉపవాసపు రాత్రి మరునాటి పారణకు వంటకముల పట్టీ వ్రాసికొనువాడు నోటిని మూసి మనస్సుతో భుజించుచున్నాడు. సూత్రము చెప్పిన నాలుగవ కారణమును తానే పెంచుచున్నాడు. అందుచేతనే అనశనముతోపాటు ఊనోదరి, రసపరిత్యాగము మున్నగు తపస్సులును, వానికి తోడుగా స్వాధ్యాయ ధ్యానములును విధింపబడినవి. ఆకలి మాటలాడక మునుపే, బుద్ధి తేటగా నున్నప్పుడే ప్రత్యాఖ్యానము స్వీకరించుటలోని ఔచిత్యమును ఇదియే. పారణనాడు మెదడు హెచ్చు వెల కట్టునని ఎరిగినవాడు మితముగా భుజించును.

ఇది తాను కోరి తెచ్చుకొన్న ఆకలి మాట. ఇతరులపై మోపిన ఆకలి మాట వేరు. శ్రావకుని అహింసాణువ్రతమునకు అతిచారములు ఐదు: బంధము, వధము, ఛవిచ్ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. తనపై ఆధారపడిన మనుష్యునకు గాని పశువునకు గాని వేళకు అన్నము, నీరు అందనీయకుండుట కట్టివేయుటతోను, కొట్టుటతోను ఒక్క పంక్తిలో చేరినది.

ఋషభదేవ స్వామిని గూర్చి పెద్దలు చెప్పుకొను కథ గలదు. పూర్వజన్మమున ఆయన, కళ్లములో ధాన్యము తినుచున్న ఎద్దుల మూతులకు చిక్కములు కట్టుమని రైతులకు ఉపాయము చెప్పెనట. ఆ అంతరాయ కర్మము తీర్థంకర జన్మమునందును ఫలించినది. దీక్ష పుచ్చుకొన్న పిమ్మట ఏడాదికి మించిన కాలము ఆయనకు భిక్ష దొరకలేదు. జనులు రత్నములు, ఏనుగులు తెచ్చి అర్పింపబోయిరే గాని అన్నము పెట్టు విధ మెవరికిని తోపలేదు. తుదకు హస్తినాపురమున శ్రేయాంసకుమారుడు చెరకురసము నర్పించెను; అదియే అక్షయతృతీయ. తీర్థంకరుని సైతము విడువని కర్మము దుకాణదారుని విడుచునా?

పర్యూషణ దినములలో యజమాని ఉపవాసముండవచ్చును. మూటలు మోయు కూలివాడు, వంటయింటి పనిమనిషి ఆ వ్రతము పట్టలేదు. పారణపు వంటల వాసన నడుమ మధ్యాహ్నము దాటువరకు తిండిలేక నిలిచినవాని మెదడులో ఏమి జరుగుచుండునో పైన చెప్పబడినది. వాడు పొరపాటు చేసిన కసరుట న్యాయమా? ఇంటి ప్రతిష్ఠకై పసివారిచేతను, వ్యాధిగ్రస్తులచేతను చేయించు ఉపవాసమును గూడ ఈ త్రాసునందే తూచవలెను.

కావున పారణ పంక్తి వేయుటకు ముందు శ్రావకుడు ఒక్కసారి తన దుకాణము, వంటయిల్లు, పశువుల కొట్టము చూచి రావలెను. అచ్చట ఎవని మూతికైనను చిక్కము కట్టియున్నచో ముందుగా దానిని విప్పవలెను. కోరిన ఆకలి కర్మమును రాల్చును. మోపిన ఆకలి కర్మమును కట్టును.