ఉద్యోగం వదిలే ముందు

ఉద్యోగం మానేసి పూర్తిగా ఫ్రీలాన్సింగ్‌లోకి దిగాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లకు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ జీవితం పనికొస్తుంది. 1834లో ఆయన లండన్‌లో పోస్టాఫీసు గుమాస్తాగా చేరాడు. నవలలతో పేరొచ్చాక కూడా ఉద్యోగం వదల్లేదు. తెల్లవారుజామున అయిదున్నరకే బల్ల ముందు కూర్చునేవాడు. నిద్రలేపి కాఫీ ఇచ్చినందుకు ఇంటి పనివాడికి ఏడాదికి అయిదు పౌండ్లు అదనంగా ముట్టజెప్పేవాడు. ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసి, ఆ తర్వాతే ఆఫీసు పనిలో పడేవాడు.

1867లో, 52 ఏళ్ల వయసులో రాజీనామా చేశాడు. అరవై దాకా ఉంటే పెన్షన్ వచ్చేది. ఆ పెన్షన్‌కు సరిపడా రాబడినిచ్చే సొమ్ము కూడబెట్టుకున్నాకే బయటికొచ్చాడు. ఆయన తెగువకన్నా ఈ ముందుచూపే మెచ్చుకోదగ్గది.

ఈనాటి హైదరాబాద్ డిజైనర్‌కో, విజయవాడ అనువాదకురాలికో లెక్క ఇంకా పెద్దది. జీతంతోపాటు పీఎఫ్‌లో యజమాని కలిపే వాటా, జీతంతో కూడిన సెలవులు, ఇంటిల్లిపాదికీ ఉన్న గ్రూపు ఆరోగ్య బీమా పోతాయి. ఇంటి అప్పుకు వెళితే బ్యాంకువాళ్లు పే స్లిప్పు బదులు గత రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతారు.

అన్నిటికన్నా బీమా సంగతి ముందు చూసుకోవాలి. షుగరు, బీపీలాంటివి అప్పటికే ఉంటే, కొత్త పాలసీలో వాటి చికిత్సకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే రాజీనామా ఆలోచన మొదలైన రోజుల్లోనే, కంపెనీ బీమా నడుస్తుండగానే, సొంత పాలసీ తీసుకోవడం మంచిది.