లెక్క ఎవరికి చెప్పాలి?

కిందటేడు వానలకు మా వీధి మురుగుకాల్వ పొంగి వాకిట్లోకి వచ్చింది. అర్జీ రాసుకుని పురపాలక సంఘం కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడే. అర్జీ చదివి, "అసెస్‌మెంటు నంబరు ఎవరి పేరున వుందండీ?" అన్నాడు. ఇంటివారి పేరున వుందన్నాను. "అయితే వారిని రమ్మనండి మాస్టారూ. పన్ను కట్టేది వారు గదా" అన్నాడు. ఇంటివారు వుండేది మరో ఊళ్ళో. మురుగు వారి వాకిట్లోకి రాలేదు. పన్ను పెరిగిందని చెప్పి వారు ఏటా అద్దె పెంచుతూనే వున్నారు గనక, ఆ పన్ను నా జేబులోంచే పోతున్నదని వాదించవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఇంటికి నడిచి వస్తూ ఆలోచిస్తే, నేను చెయ్యబోయిన వాదమూ ఆ గుమాస్తా వాదమూ ఒకటేనని తోచింది. కట్టేది నేనే గనక అడిగేదీ నేనే అని నేనూ అనబోయాను. బొత్తిగా పన్నే కట్టని మనిషి గుడిసెలోకి మురుగు వస్తే అతను ఏ నంబరు చూపించాలి?

మనం రోజూ వాడే "లెక్క" అన్న మాటలోనే ఈ చిక్కు వుంది. డబ్బుకు లెక్క చెబుతాం. మనిషిని లెక్కచేస్తాం. మొదటిదానికి చిట్టాపుస్తకం చాలు. రెండోదానికి ఎదుట ఒక మనిషి వున్నాడన్న ఎరుక కావాలి. ప్రభుత్వం ప్రజలకు జవాబుదారీగా వుండాలని అన్ని పార్టీలవారూ అంటారు. ఏ లెక్కకు జవాబుదారీ? డబ్బు ఇచ్చినవాడికా, ఆ డబ్బు ఖర్చయినందువల్లో ఖర్చు కానందువల్లో బతుకు తారుమారైనవాడికా? ఇద్దరూ ఒకరే అయినంతవరకు పేచీ లేదు. పట్నాల్లో సాధారణంగా ఒకరు కారు.

ఈ ప్రశ్నను నేను ఇంగ్లండు ఉదాహరణలతో చర్చించబోతున్నాను. పాఠకులు విసుక్కోవద్దు. మన పురపాలక చట్టాలూ, స్థానిక నిధుల ఆడిటూ, సంస్థకు నష్టం తెచ్చిన సభ్యుడి దగ్గర సొమ్ము రాబట్టే సర్‌చార్జీ, అన్నీ అక్కడి అచ్చులో పోసినవే. అచ్చులో వంకర ఎక్కడున్నదో చూస్తే పోతలోది కూడా కనిపిస్తుంది.

లండను తూర్పు భాగంలో రేవుకూలీలు నివసించిన పాప్లర్ అనే పేట వుంది. 1919లో అక్కడి కౌన్సిలు లేబర్ పార్టీ చేతికి వచ్చింది. ఆనాటి పద్ధతి ప్రకారం ఒక పేటలోని పేదల పోషణ భారం చాలావరకు ఆ పేటలోని పన్నుదారులే మొయ్యాలి. నిరుద్యోగం ఎక్కువైనకొద్దీ పన్ను ఎక్కువవుతుంది. ధనికులున్న పేటలో పేదలు తక్కువ గనక అక్కడ పన్నూ తక్కువే. ఇది చాలదన్నట్టు లండను మొత్తానికి చెందిన పెద్ద కౌన్సిలుకూ, పోలీసుకూ, నీటి బోర్డుకూ పాప్లర్ కూడా వాటా వసూలు చేసి పంపాలి. 1921లో జార్జి లాన్స్‌బరీ నాయకత్వాన కౌన్సిలర్లు ఆ వాటాలు వసూలు చెయ్యబోమన్నారు. కోర్టు చెయ్యమంది. చెయ్యలేదు. ఆ సెప్టెంబరులో 30 మందిని జైలుకు పంపారు. మగవారిని బ్రిక్స్‌టన్ జైల్లోనూ, అయిదుగురు ఆడవారిని హాలోవే జైల్లోనూ పెట్టారు. ఆ అయిదుగురిలో ఒకామె గర్భిణి. కౌన్సిలు సమావేశాలు మాత్రం ఆగలేదు. బ్రిక్స్‌టన్ జైల్లోనే జరిగాయి. స్త్రీ సభ్యులను హాలోవే నుంచి టాక్సీలో తీసుకువచ్చేవారు. సుమారు ఆరు వారాలకు ప్రభుత్వం దిగివచ్చింది. ఆ ఏడే చట్టం చేసి, పేదల పోషణ భారంలో పెద్ద భాగాన్ని లండను పేటలన్నిటికీ పంచారు.

దీన్ని త్యాగగాథగా చెప్పుకోవటం సులభం. చెప్పుకున్నారు కూడా. నాకు అందులో కనిపించేది ఇంకొకటి. పాప్లర్ కౌన్సిలర్లు లెక్క చెప్పనని మొండికెయ్యలేదు. లెక్కకు హద్దుగీత ఎక్కడ గీశారని అడిగారు. పేదవాడి ఖర్చు పేదవాడి పేటకే రాసి, ఆ పేట దుబారా చేస్తున్నదని ఆడిటు చేస్తే ఆ అంకెల్లో ఒక్క తప్పూ దొరకదు. తప్పంతా గీతలో వుంది. అందుకని గీత గీసేవాడు ఎప్పుడూ ఆడిటుకు దొరకడు.

అదే కౌన్సిలు తన కింద పనిచేసేవారికి, స్త్రీలయినా పురుషులయినా, వారానికి కనీసం 4 పౌండ్ల జీతం ఇచ్చింది. ధరలు పడిపోయాక కూడా తగ్గించలేదు. జిల్లా ఆడిటరు ఇది మితిమీరిన వ్యయమన్నాడు. ఎక్కువైన సొమ్ము కౌన్సిలర్ల మీద సర్‌చార్జి వేశాడు. వ్యవహారం ప్రభువుల సభ దాకా పోయింది. 1925లో సభ ఆడిటరు పక్షాన తీర్పు చెప్పింది. సోషలిస్టు దానగుణాన్నీ, స్త్రీలను పురుషులతో సమం చెయ్యాలన్న ఉబలాటాన్నీ పన్నుదారుల సొమ్ముతో తీర్చుకోకూడదని ఒక ప్రభువుగారి భావం. కౌన్సిలరు పన్నుదారుల సొమ్ముకు ధర్మకర్తవంటివాడని సిద్ధాంతం.

ధర్మకర్త పోలిక నాకు నచ్చింది. గుడిమాన్యానికి ధర్మకర్త లెక్క చెప్పి తీరాలి. దయాగుణం పేరు చెప్పి మాన్యాన్ని ఇష్టంవచ్చినట్టు పంచెయ్యటానికి వీల్లేదు. మనవాళ్ళే గదా అని అభ్యుదయవాదులు ఈ సంగతి మరిచిపోవటం కద్దు. కాని మాన్యం రాసినవాడు దీపం వెలగాలనీ, ప్రసాదం పెట్టాలనీ రాశాడు. ఏడాది చివర ఇంత మిగిలిందని చూపించటమే ధర్మకర్త గొప్పతనమైతే, దీపం ఆర్పేసినవాడికంటె గొప్ప ధర్మకర్త లేడు. 1925 తీర్పు దాత వైపు నుంచి మాత్రమే చూసింది. గుళ్ళోకి వచ్చినవాడు ఆ లెక్కలో లేడు.

ఆ తీర్పుకు ఈ మధ్య ఒక తోక మొలిచింది. 2023 సెప్టెంబరులో బర్మింగుహాం నగర కౌన్సిలు అత్యవసరం కాని కొత్త ఖర్చులన్నీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. ఆచరణలో అది దివాలాయే. కేంద్రం నుంచి వచ్చే నిధులు ఏళ్ళ తరబడి కోతపడటమూ, కొత్త కంప్యూటరు పద్ధతి తలకిందులవటమూ కారణాలే. కాని పెద్ద కారణం, ఆ కౌన్సిలులో పనిచేసిన స్త్రీలకు సమాన వేతనం ఎగవేయగా పేరుకుపోయిన బాకీ. మరుసటి ఏడు ఆ నగరంలో కౌన్సిలు పన్ను దాదాపు 10 శాతం పెంచారు. సమాన వేతనం ఇవ్వటం ఒకనాడు దుబారా అయింది. 98 ఏళ్ళకు ఇవ్వకపోవటం దివాలా అయింది. ఆనాటి ఆడిటరు చిట్టాలో ఈ బాకీకి గడే లేదు.

కట్టినవాడికే అడిగే హక్కు అన్న వాదాన్ని మొహమాటం లేకుండా సిద్ధాంతంగా నిలబెట్టింది మార్గరెట్ థాచర్ ప్రభుత్వం. 1986లో వారు ప్రచురించిన పత్రంలో సారాంశం ఇది: ఓటున్నవారిలో చాలామంది స్థానిక పన్ను కట్టరు, అందుచేత కౌన్సిళ్ళను అదుపుచేసే నాథుడు లేడు, వయసువచ్చిన ప్రతి మనిషీ కడితే జవాబుదారీ దానంతట అదే వస్తుంది. ఫలితం తలపన్ను. 1989లో స్కాట్లండులో, 1990లో ఇంగ్లండు, వేల్సులలో వేశారు. ఒక ఊళ్ళో జమీందారుకూ పాకీపనివాడికీ ఒకటే పన్ను. లక్షల మంది కట్టలేదు. 1990 మార్చి 31న లండను ట్రఫాల్గర్ స్క్వేరులో జరిగిన ప్రదర్శన దొమ్మీగా మారింది. ఆ నవంబరులో థాచర్ పదవి వదులుకుంది. ఇంత జవాబుదారీ ఆమె కోరి వుండదు.

1993లో తలపన్ను స్థానాన కౌన్సిలు పన్ను వచ్చింది. ఇళ్ళను 1991 ఏప్రిల్ 1 నాటి విలువనుబట్టి తరగతులు చేశారు. ఇంగ్లండులో ఈనాటికీ ఆ విలువలే. నిన్న కట్టిన ఇల్లయినా 1991లో ఎంత పలికివుండేదో ఊహించి తరగతిలో వెయ్యాలి. పైతరగతి ఇల్లు కట్టే పన్ను అడుగుతరగతి ఇంటి పన్నుకు మూడు రెట్లే. విలువ ముప్ఫై రెట్లయినా అంతే. తలపన్నును పాతిపెట్టారు గాని కాళ్ళు బయటే వున్నాయి. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. అక్కడ ఈ పన్ను మామూలుగా ఇంట్లో కాపురమున్నవాడి పేరునే వస్తుంది. మా గుమాస్తా అక్కడ వుంటే నన్ను వెనక్కి పంపేవాడు కాడు.

ఇక నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ఉదాహరణలు రెండు. ఒకటి 1972లోది. డార్బీషైరులో క్లే క్రాస్ అనే చిన్న గనికార్మికుల పట్నం. కౌన్సిలు ఇళ్ళ అద్దె పెంచమని కొత్త చట్టం ఆజ్ఞాపిస్తే అక్కడి 11 మంది కౌన్సిలర్లు పెంచలేదు. వారి మీద 6,985 పౌండ్లు సర్‌చార్జి వేసి, పదవికి అనర్హులను చేశారు. రెండోది వెస్ట్‌మినిస్టరు. 1987 నుంచి అక్కడి కన్సర్వేటివ్ కౌన్సిలు, షర్లీ పోర్టర్ నాయకత్వాన, ఎన్నికల్లో అటోయిటో అన్నట్టున్న ఎనిమిది వార్డులను ఎంచుకుని, అక్కడ ఖాళీ అయిన కౌన్సిలు ఇళ్ళను పేదలకు అద్దెకివ్వకుండా అమ్మకానికి పెట్టింది. కొనుక్కోగలవాడు తమకు వోటేస్తాడని లెక్క. ఆడిటరు జాన్ మాగిల్ ఏళ్ళ తరబడి విచారించాడు. 2001 డిసెంబరులో ప్రభువుల సభ ఆయనను సమర్థించింది. వడ్డీతో కలిసి 4 కోట్ల పౌండ్లు దాటిన బాకీకి 2004లో పోర్టర్ 1 కోటి 23 లక్షలు కట్టి రాజీపడింది.

మొదటిది చదివితే ఆడిటరు మీద కోపం వచ్చింది. రెండోది చదివితే ఆడిటరుకు దండం పెట్టాలనిపించింది. రెంటిలోనూ ఆయుధం ఒకటే. నా మనవాళ్ళను కొడితే అన్యాయమూ, పైవాళ్ళను కొడితే న్యాయమూ అయితే, నేను నీతిశాస్త్రం మాట్లాడటం లేదు, కక్షి కడుతున్నాను. క్లే క్రాస్‌వారు బహిరంగంగా చట్టాన్ని ధిక్కరించి శిక్షకు నిలబడ్డారు, వెస్ట్‌మినిస్టరువారు రహస్యంగా చేసి బుకాయించారు అని తేడా చెప్పవచ్చు. ఆ తేడా గట్టిదే. ప్రజాధికారాన్ని దొంగతనంగా వాడుకున్నవాడు జవాబు చెప్పే అవకాశాన్నే చంపేస్తాడు. కాని అదొక్కటే అయితే నా ఇబ్బంది తీరదు. బహిరంగంగా చేసిన దుర్మార్గాలు కూడా లోకంలో చాలా వున్నాయి.

సర్‌చార్జి దేనికి వేశారో చూసినప్పుడు కొంత తెలిసింది. వెస్ట్‌మినిస్టరు లెక్కలో ముఖ్యమైనది, ఇళ్ళను తక్కువ ధరకు అమ్మినందున కౌన్సిలు ఖజానాకు వచ్చిన నష్టం. ఆ రోజుల్లోనే ఇళ్ళులేని కుటుంబాలను ఆస్‌బెస్టాస్ నిండిన రెండు ఎత్తయిన భవనాల్లోకి తరలించారు. ఆ పిల్లలు పీల్చిన గాలికి ఆ సర్‌చార్జిలో ఒక పెన్నీ కూడా లేదు. పూర్తి ధరకు అమ్మి వుంటే, ఇల్లు దక్కని పేదవాడికి జరిగింది అంతే అయినా, ఆడిటరుకు రాబట్టవలసిన సొమ్ము చాలామటుకు తగ్గిపోయేది. అంటే నేను దండం పెట్టబోయిన ఆడిటరు చేతిలో వున్నది కూడా పాప్లర్ నాటి త్రాసే. అది ఆనాడు సరిగా తూచిందని కాదు, ఆనాడు దొంగ కూడా అందులో పడ్డాడు, అంతే. ఆ త్రాసునూ 2000 నాటి చట్టం తీసేసింది. స్థానిక లెక్కలు చూసే ఆడిట్ కమిషనును 2015లో మూసేశారు. సర్‌చార్జి మన చట్టాల్లో ఇంకా వుంది.

2014లో లండనులో కెన్సింగ్‌టన్-చెల్సీ కౌన్సిలు, పొదుపు బాగా చేశామని చెప్పి, కౌన్సిలు పన్ను పూర్తిగా కట్టినవారికి తలా 100 పౌండ్లు వాపసిచ్చింది. బీదరికంవల్ల రాయితీ పొందేవారికి ఇవ్వలేదు. నిల్వలో కోట్ల పౌండ్లు వున్నాయి. తరవాత రెండేళ్ళలో అదే కౌన్సిలుకు చెందిన గ్రెన్‌ఫెల్ టవరు అనే 24 అంతస్తుల భవనానికి మరమ్మతులు చేసి, గోడలకు కొత్త తొడుగు వేశారు. మొదట అనుకున్న జింకు పలకలకు బదులు చవకరకం వెయ్యటంతో మిగిలినది సుమారు 2,93,000 పౌండ్లు. 2017 జూన్ 14 తెల్లవారుజామున ఆ తొడుగు అంటుకుంది. 72 మంది చనిపోయారు. తమ గోడు ఎవరూ వినటం లేదని ఆ ఇళ్ళలో వున్నవారు అంతకుముందే రాసిపెట్టారు.

విచారణలో కౌన్సిలు, నిర్వహణ సంస్థ, గుత్తేదార్లు, పలకలు చేసినవారు ఒకరినొకరు చూపించుకున్నారు. విచారణ సంఘం న్యాయవాది దాన్ని రంకులరాట్నంతో పోల్చాడు. కట్టడాల నిబంధనలు చూడవలసిన కేంద్రశాఖకు ఆ ప్రమాదం ఏళ్ళ తరబడి తెలుసునని 2024 సెప్టెంబరు నివేదిక తేల్చింది. ఆ చావులన్నీ తప్పించదగినవేనని కూడా చెప్పింది. అప్పటికి ఆ మంటకు బాధ్యులంటూ ఎవరిమీదా నేరారోపణ దాఖలు కాలేదు.

నేను పదేపదే ఆలోచించేది ఆ 100 పౌండ్ల గురించి. ఆ కౌన్సిలు జవాబుదారీగా లేదని అనలేం. చాలా శ్రద్ధగా, పైసాతో సహా, తాను ఎవరిని యజమానులనుకున్నదో వారికి లెక్క అప్పజెప్పింది.

మా కాల్వ గురించి చివరకు ఇంటివారి సంతకంతో అర్జీ పెట్టాను. సంతకం చేయటానికి వచ్చినప్పుడు వారు వాకిలి చూసి, నేల పాడైందనీ, బాగుచేయించే ఖర్చు అద్దెలో కలుస్తుందనీ చెప్పి వెళ్ళారు. కాల్వకు ఆవలివైపు గుడిసెల్లో వున్నవారి సంతకాలు కూడా పెట్టిద్దామని నేను మరో కాయితం పట్టుకువెళితే, గుమాస్తా దాన్ని తీసుకున్నాడు గాని, ఏ నంబరు కింద నమోదు చెయ్యాలో తెలియక బల్ల అంచున పెట్టాడు.