రెండు హుండీలు

కార్తికమాసపు కడపటి సోమవారము సాయంకాలమున, బసవనగుడిలోని ఒక చిన్న ఆలయములో హారతిపళ్ళెము నా యెదుటికి వచ్చినప్పుడు, అలవాటు చొప్పున జేబులోనికి పోయిన నా కుడిచేయి, అక్కడ ఇంటి తాళపుచెవియు ఫోనును తప్ప మరేమియు దొరకక, వట్టిదిగానే వెలుపలికి వచ్చినది. పర్సు ఇంట మరచితినని చెప్పుకొన్నచో అది సగము సత్యమే యగును. బెంగళూరున కాపురముండు అనేకులవలెనే నేనును పర్సును వదలి చాల కాలమైనది. అర్చకులు నా తత్తరపాటును గ్రహించి, చిరునవ్వుతో, హుండీమీద అంటించియున్న నల్లచుక్కల చీటీని కనుసన్నతో చూపిరి. నేను ఫోను తీసి, చీటీకి చూపి, పది రూపాయలని అంకె వేసి, రహస్యసంఖ్య నొక్కునంతలో హారతి నన్ను దాటి ప్రక్కవారియొద్దకు పోయినది. చెల్లింపు ముగిసినదని పచ్చని గుర్తొకటి చూపి, దాని క్రింద నా పేరు, దేవస్థానము పేరు, తేది, గంట, నిమిషము, పన్నెండంకెల సంఖ్య యొకటి వ్రాసి, అంతటితో ఊరకొనక, గీకి చూచుకొమ్మని ఒక బహుమానపు చీటీని గూడ ఆ యాప్ నా కిచ్చినది. దేవునికి పది రూపాయ లిచ్చినందుకు నాకు బహుమానము! గీకితిని, అబద్ధమెందుకు, ఏమియు రాలేదు.

ఆలయము వెడలిన పిమ్మట జరిగినది కడపట చెప్పెదను. అప్పుడు పుట్టిన సందేహము మాత్రము నన్నింకను వదలలేదు. నేను చేసినది దానమా, చెల్లింపా? ఉదయమున కందిపప్పునకును, మధ్యాహ్నము ఆటోవానికిని, సాయంకాలము కాఫీకిని ఏ వ్రేలితో ఏ సంఖ్య నొక్కితినో, ఆ వ్రేలితోనే ఆ సంఖ్యనే నొక్కి యిచ్చిన యీ పది రూపాయలు ఏ లక్షణముచేత వానినుండి వేరుపడుచున్నవి?

మన ధర్మశాస్త్రకారులు దానమునకు చెప్పిన లక్షణము మిక్కిలి సూక్ష్మమైనది. ఒక వస్తువుపై తనకు గల స్వత్వమును విడుచుట మొదటి యంశము. దానిపై పరునకు స్వత్వము కలిగించుట రెండవది. మీమాంసకులు యాగమునకు చెప్పినదియు దాదాపుగా నిట్టిదే: దేవత నుద్దేశించి ద్రవ్యమును త్యజించుట. ఈ రెంటియందును విడుచుట ముందు, చేరుట తరువాత. ఈ మాట నాకు గ్రంథములవలన గాక మా అవ్వవలన తెలిసినది. హిందూపురము వైపు పల్లెలో, ఇంట నెవరికైన జ్వరము తగిలి తగ్గకున్నచో, ఆమె కొంగున ముడివేసికొన్న కాసులలో ఒకటి తీసి, పసుపునీట తడిపిన గుడ్డలో చుట్టి, వేంకటేశ్వరుని పటము వెనుక ముడుపు కట్టెడిది. తిరుమలకు పోవుటకు ఏడాది పట్టవచ్చును, మూడేండ్లు పట్టవచ్చును. ఆ నడుమ ఇంటిలో ఉప్పునకు డబ్బు లేని దినములు వచ్చినవి. ఆ మూటను ముట్టినవారు లేరు. ఆ కాసు ఇంటిలోనే యుండియు ఇంటిది గాక, దేవునిదైయు ఇంకను దేవుని చేరక, విడిచిన చేతికిని పుచ్చుకొను చేతికిని నడుమ పసుపుగుడ్డలో నిలిచియుండెడిది. దానము యొక్క మొదటి యంశమును కన్నులార చూడవలెనన్న ఆ ముడుపును చూడవలెను. ఫోనులో ఆ నడిమి కాలము లేదు. వ్రేలు నొక్కువరకు సొమ్ము నాది, నొక్కిన మరుక్షణము పరునిది. ఎవరిదియు గాని యొక్క నిమిషమైనను దానికి లేదు.

అయినను ఇంతమాత్రముచేత ఫోనును నిందించుట తొందరపాటు. ద్రవ్యము కంటికి కనబడుట లేదు గనుక దానము చెల్లదనువారు, రూపాయి యెన్నడు కంటికి కనబడినదో ఆలోచింపవలెను. నోటు వట్టి కాగితము. దానిమీద నున్నది రిజర్వు బ్యాంకు గవర్నరు ఇచ్చిన మాట, ఈ నోటు ఎవరిచేత నున్నదో వానికి ఇంత సొమ్ము చెల్లింతునని. ధనమనునది చిరకాలముగా వాక్కే. లోహమునందు కొంతకాలము, కాగితమునందు కొంతకాలము నిలిచి, ఇప్పుడు విద్యుత్తునందు నిలిచినది. కాని ఆ నోటుమీది వాగ్దానమునందు ఒక చిత్రమున్నది చూడుడు: అది పేరడుగదు. చేతనున్నవాడెవడైనను సరే, రాజైనను బిచ్చగాడైనను, మాట చెల్లును.

హుండీ యను పదమునకు మన దేశమున రెండర్థములున్నవి. ఒకటి దేవాలయమునందలి హుండీ. రెండవది పూర్వపు షావుకార్లు వ్రాసికొనిన హుండీ, అనగా ఒక యూరిలో సొమ్ము కట్టి, మరియొక యూరిలో ఆ కాగితము చూపి సొమ్ము పుచ్చుకొను పత్రము. చూపినంతనే చెల్లింపవలసిన దానిని దర్శనీ హుండీ యనెడివారు. దర్శన మన్నమాట దేవునికే గాక వడ్డీవ్యాపారికిని పనికివచ్చినదని నవ్వుకొనవచ్చును. షావుకారు హుండీకి ప్రాణము పేరు: ఎవరు వ్రాసిరి, ఎవరికి, ఎంత, ఏ తేదిని. దేవుని హుండీకి ప్రాణము పేరు లేకుండుట. తిరుమలలో ఆ పెద్ద కొప్పెరకు గుడ్డ చుట్టియుంచుటవలన, లోనికి పోయిన చేయి ఒక్క రూపాయి వదలినదో ఒంటిమీది నగ వదలినదో వెనుకనున్నవానికి తెలియదు. శ్రీనివాసుడు పెండ్లికై కుబేరునియొద్ద చేసిన అప్పునకు పత్రమున్నదని, బ్రహ్మరుద్రులు దానికి సాక్షులని స్థలపురాణము చెప్పుచున్నది. వడ్డికాసులవాడని మనము పిలుచుకొనుటయు అందువలననే. అప్పునకు పేర్లు, సాక్షులు, పత్రము అన్నియు నున్నవి. ఆ వడ్డీకై కొప్పెరలో వేయుచున్న కోట్లాది జనులలో ఒక్కరికిని రశీదు లేదు. నా పది రూపాయలు హుండీమీది చీటీ ద్వారా పోయినప్పుడు జరిగినది ఇది: దేవుని హుండీ షావుకారు హుండీ యైనది.

ఈ మార్పునకు పెద్ద వయస్సు లేదు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నిర్మించిన యూపీఐని 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ ఆరంభించిరి. ఆ నవంబరు 8న పెద్దనోట్లు రద్దగుటతో జనులు గత్యంతరము లేక దాని నాశ్రయించిరి. 2025 ఆగస్టు నాటికి ఒక్క నెలలో 2,000 కోట్లకు మించిన చెల్లింపులు దాని ద్వారా నడచినవి. ఫోన్‌పే పుట్టినది బెంగళూరులోనే. ఈ నగరమున ఎళనీరు కొట్టువాని మోటారుబండికి, చెప్పులు కుట్టువాని గొడుగుకర్రకు గూడ చీటీ వ్రేలాడుచున్నది.

పేరు వ్రాసికొనిన నష్టమేమని అడుగవచ్చును. మన సంకల్పమునందు మాత్రము పేరు చెప్పమా? చెప్పెదము; పేరే గాదు, గోత్రము, తిథి, వారము, నక్షత్రము, శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నామో ఆ దిక్కు కూడ చెప్పెదము. ఫోను వ్రాసికొను దేశకాలనామములకంటె అది చాల దీర్ఘమైన చిట్టా. కాని ఆ చిట్టా అంతయు చదివి, చేతిలో నీరు విడుచుచు, చివర ‘న మమ’ యనెదము. ఇది నాది కాదు. అంత శ్రద్ధగా నిలబెట్టిన ‘నేను’ను ఆ రెండు పదములతో పడగొట్టుటకే ఆ నిలబెట్టుట. ఫోను దేశము చెప్పును, కాలము చెప్పును, నామము చెప్పును; ఆ చివరి మాట యొక్కటి దానికి రాదు. పైగా నెల కడపట ఎంతెంత, ఎవరెవరికి ఇచ్చితినో వర్ణచిత్రముతో సహా నా ముందు పెట్టును. విడిచినదానిని మరల మరల నాదిగా చూపుచుండును. ప్రత్యుపకారము గోరి యిచ్చినది రాజసమని గీతలో పదునేడవ అధ్యాయము విభజించినది. గీకెడు చీటీ గోరి నేనియ్యలేదు, నిజమే, కాని వచ్చినదానిని గీకక మానలేదు గదా!

లెక్కకు సంఖ్య తెలియును గాని సంకల్పము తెలియదనుటకు, ఈ నగరముననే 2025 జులైలో గట్టి నిదర్శనము దొరకినది. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖవారు గడచిన యేండ్ల యూపీఐ రాబడులను కూడి, జీఎస్టీ నమోదునకు వస్తువులకైన 40 లక్షలు, సేవలకైన 20 లక్షలు అను హద్దును దాటినవని తోచిన చిన్న వర్తకులకు నోటీసులు పంపిరి. కాకాహోటళ్ళవారు, బేకరీలవారు, పూలు పండ్లు అమ్ముకొనువారు గుండెలు బాదుకొనిరి. వారిలో అనేకులు చెప్పినదేమనగా, ఆ మొత్తములో అమ్మకములు మాత్రమే లేవు, బంధువులు పంపినవి, స్నేహితుల చేబదుళ్ళు, తీర్చిన అప్పులు గూడ నున్నవని. యూపీఐ వద్దు, రొక్కమే ముద్దని వ్రాసిన అట్టలు వీథివీథిని వెలసినవి. చివరకు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య జులై 23న వర్తకులతో సమావేశమై, పాతబాకీలు వసూలు చేయబోమని, నమోదు మాత్రము చేసికొనవలెనని చెప్పుటతో ఆందోళన చల్లారినది. పన్ను న్యాయమా అన్యాయమా అనునది వేరు వాదము. ఆర్జించినవాడు పన్ను కట్టవలసినదే. నాకు పట్టుకొన్న సంగతి ఆ చేబదులు. పెండ్లికై బావమరది పంపిన సొమ్మును, ఇడ్లీలు తిన్నవాడు చెల్లించిన సొమ్మును చిట్టా ఒక్కటే వరుసలో వ్రాసినది. చిత్రగుప్తుడును వ్రాయుననెదరా? వ్రాయును, కాని ఏ తలంపుతో నిచ్చితిమో అదియు కలిపి వ్రాయునని మన నమ్మకము, మనము బ్రతికియుండగా ఆ చిట్టాను మరియొకనికి చూపడనియు నమ్మకము.

ఫోనువైపు నుండియు ఒక మాట యున్నది, అది చిన్నది గాదు. పోతన భాగవతమున బలిచక్రవర్తి, విష్ణువు చేయి క్రిందను తన చేయి పైనను ఉండుటకంటె భాగ్యమేమున్నదని మురిసిపోవును. ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద: దానమునందలి గర్వమంతయు ఆ జానెడు ఎత్తులో నున్నది. ఫోను ఆ యెత్తును చదును చేసినది. చీటీ పెట్టుకొని పాట పాడుచున్న అంధుడు ఇప్పుడు చేయి చాపనక్కరలేదు. చిల్లర లేదని అబద్ధమాడి తప్పించుకొను మనవంటివారికి ఆ అబద్ధమును లేకుండ చేసినది. లేకుండ చేసినదా, నిజము చేసినదా? కూడలిలో కారు అద్దమును తట్టు ముసలమ్మతో ఇప్పుడు చిల్లర లేదన్నచో అది ముమ్మాటికి సత్యము, ఆమెకు చీటీయు లేదు. పిల్లికి బిచ్చము పెట్టనివాడు సత్యసంధుడైపోయినాడు.

మరియొకటి నాకు ఆలస్యముగా తట్టినది. సాధారణముగా పళ్ళెములో పడినది అర్చకునిది, హుండీలో పడినది దేవస్థానముది. ఆ సాయంకాలము నాకు చీటీ చూపిన అర్చకులు తమకు రావలసిన పది రూపాయలను తమ కనుసన్నతోనే హుండీకి పంపిరి. ఏ చిట్టాలోను అది లేదు. నేను దానమో కాదో యని తర్కించుచున్న క్రియలో నిస్సందేహమైన దానము చేసినవారు వారొక్కరే!

కనుక నా నిర్ణయము చెప్పెదను. కందిపప్పునకు ఫోను చాలును, మిక్కిలి సుఖము. అమ్మకమునకు పేరును లెక్కయు నుండుట ధర్మమే. పళ్ళెమునకు, హుండీకి, అద్దము తట్టిన చేతికి మాత్రము నాలుగు కాసులు వేరుగా జేబున నుంచుకొనుచున్నాను. ఇంటినుండి బయలుదేరునప్పుడే అవి నావి కావు. అవ్వ ముడుపు అంతకంటె పెద్దదేమియు గాదు. దేవస్థానములవారికి ఒక మనవి: చీటీ నంటించుడు, దూరమునుండి పంపువారున్నారు, కాని దానికొరకు హుండీ నోరు మాత్రము మూయకుడు.

ఇక ఆలయము వెడలిన పిమ్మటి సంగతి. అది కడలెకాయి పరిషె దినము. బుల్ టెంపుల్ రోడ్డు రెండు ప్రక్కల వేరుశనగకాయల రాసులు. తొలిపంట బసవనికి సమర్పించిన రైతుల జాతర యది. చింతామణి వైపునుండి వచ్చిన యొక ముసలమ్మ, తెలుగే మాటలాడుచు, సేరుతో కొలిచి నా సంచిలో పోసినది. రాసిలో గ్రుచ్చిన పుల్లకు చీటీ. నేను అరవై రూపాయలు పంపితిని. ఆమె ప్రక్కనున్న డబ్బా అరవై రూపాయలు ముట్టినవని కన్నడమున అరచినది. నేను కదలబోవుచుండగా, “ఉండప్పా, కొసరు మరిస్తివే” యని దోసెడు కాయలు మరల నా సంచిలో పోసినది. ఇల్లు చేరి ఫోను చూచితిని. అరవై రూపాయలని మాత్రమే యున్నది.